తిన్నాక నీళ్లలో దిగరాదు

"తిన్నోళ్లు చేతులెత్తండప్పా!"

బావి గట్టు మీద కూర్చుని చిక్కమ్మ కేక వేసింది. పిల్లల్లో సగం మంది చేతులెత్తారు. ఇంట్లో ఇడ్లీ తిని వచ్చిన వాళ్లు, దారిలో బన్ను కొరికిన వాళ్లు, అందరూ వచ్చి ఆమె పక్కన బుద్ధిగా కూర్చున్నారు. అబద్ధం చెప్పి లాభం లేదు. అనుమానం వస్తే ఆ ముసలమ్మ నోరు తెరిపించి వాసన చూస్తుంది.

"తిన్నాంక నీళ్లలో దిగితే పేగులు మెలిపడతాయి. యెంత ఈతగాడైనా రాయి మాదిరి అడుక్కి పోతాడు. మాయమ్మ నాకు చెప్పింది, వాళ్లమ్మ ఆమెకు చెప్పింది. అరిగినాంకే దిగండి."

జంగమకోటె పక్కనున్న ఆ పల్లెలో పిల్లలకు ఈత నేర్పేది ఆమె కొడుకు రవీంద్ర. ఆదివారం వస్తే పట్టుపురుగుల పని భార్య ప్రమోద మీద వదిలేసి బావిలో దిగుతాడు. పిల్లల నడుములకు ఖాళీ క్యాన్లు కట్టి, ఒక్కొక్కరినీ నీళ్ల మీద పడుకోబెడతాడు. ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట అతని కూతురు భాను పక్క తోటవాళ్ల కృషి హొండలో పడి చనిపోయింది. నీళ్లు నిలవ చేయడానికి పొలంలో తవ్వి, నల్ల ప్లాస్టిక్ పట్ట పరిచిన గుంట అది. పాకుడు పట్టిన ఆ పట్ట మీద పెద్దవాళ్లకే కాలు నిలవదు. పాలపళ్లు ఊడుతున్న పిల్ల ఎలా ఎక్కి వస్తుంది?

ఆ తర్వాత చిక్కమ్మ మంచం పట్టింది. తిండి మానేసింది, మాట మానేసింది. ఇక లేవదనే అనుకున్నారు. కొడుకు ఈత నేర్పడం మొదలుపెట్టాకే లేచింది. వచ్చి గట్టు మీద కాపలా కూర్చుంది. పిల్ల అన్నం తిని హొండలో దిగిందేమో, పాపం అందుకే ముసలమ్మకు ఆ భయం అనుకుంది ఊరు.

ఆ ఆదివారం అనిరుద్ధ వచ్చాడు. చింతామణి నుంచి ఊరి శాలెకు కొత్తగా వచ్చిన ఆటల మేష్ట్రు అతను. శాలె పిల్లలందరినీ ఈతకు పంపాలని అతని ఆశ. గట్టు మీద వరసగా కూర్చున్న పిల్లల్ని చూసి సంగతి అడిగాడు. విని నవ్వాడు.

"అది ఉత్త మాట అవ్వా. తిని దిగితే రవంత ఆయాసం వస్తుందేమో గానీ, దానికి ఎవరూ మునిగిపోరు. డాక్టర్లే చెప్తాండారు."

చిక్కమ్మ ముఖం పాలిపోయింది.

"ఉత్త మాటా?" అంది. "మేష్ట్రే, ఉత్త మాటేనా?"

బావిలోంచి రవీంద్ర మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"నిజమేనమ్మా! తినేసి దిగితే సచ్చిపోతారు. మేష్ట్రుకు తెలీదు. టౌన్‌లో పెరిగినోళ్లకు బావి సంగతి యేం తెలుస్తుంది?"

"నిజమేనారా?"

"నీమీద ఒట్టు."

ముసలమ్మ ఊపిరి పీల్చుకుంది. పక్కనున్న పిల్లను దగ్గరికి లాక్కుని కూర్చుంది.

అనిరుద్ధకు ఒళ్లు మండింది. రవీంద్రను మల్బరీ తోట దాకా పిలుచుకుపోయాడు.

"ఇంత ఈత వచ్చినోళ్లు, పిల్లలకు అబద్ధాలు నేర్పిస్తారా? ఇట్లయితే మా శాలె పిల్లల్ని నేను పంపను."

"పంపొద్దు సార్," అన్నాడు రవీంద్ర.

అనిరుద్ధ నిర్ఘాంతపోయాడు. ఇంకో బిడ్డ మునగకూడదని వారం వారం బావిలో నానే మనిషి, ఒక పిచ్చి నమ్మకం కోసం ఊరి పిల్లల్నే వద్దంటున్నాడు. బైకెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి పిల్లలు ఇళ్లకు పోయారు. రవీంద్ర గట్టు మీద కూర్చుని సంగటి తిన్నాడు. ఆఖరి ముద్ద మింగే దాకా చిక్కమ్మ అక్కడే ఉంది.

"అరిగినాంకే దిగు నాయనా," అని చెప్పి ఇంటిదారి పట్టింది.

ఆమె తోట మలుపు తిరిగే దాకా రవీంద్ర కదల్లేదు. తిరగగానే, నీళ్లలో తేలుతున్న క్యాన్ల కోసం ఎంగిలి చేత్తోనే దభీమని దూకేశాడు.

మనసు ఒప్పక మళ్లీ వచ్చిన అనిరుద్ధ అది చూశాడు. రవీంద్ర పైకి వచ్చాక అడిగాడు.

"అది అబద్ధమని మీకూ తెలుసు."

"తెలుసు సార్. ఇప్పుడు తెలుసు."

"మరి ఆ అవ్వకు చెప్పండి. పాప తిని నీళ్లలో దిగి పోయిందని ఆమె కుమిలిపోతాండాది. తిండికీ దానికీ సంబంధం లేదని తెలిస్తే కొంచెమన్నా కుదుటపడుతుంది గదా!"

రవీంద్ర క్యాన్లు కింద పెట్టాడు. తల కూడా తుడుచుకోలేదు. నిలబడిన చోటే ఏడ్చాడు.

"ఆ పొద్దు మా భాను ఇంకా తిన్నే లేదు సార్," అన్నాడు. "పక్క తోట హొండలో ఎవురో బిడ్డ పడిందని కేక ఇనపడి నేను కంచం కాడ నుంచి లేచి పరిగెత్తబోతే, 'ఇప్పుడే తిన్నావు, రవంత అరగనీరా, వేరేవాళ్లు దిగుతార్లే' అని నా చెయ్యి పట్టుకొని ఆపింది మాయమ్మే."