ఎర్రదారాల వల

గాజుగొట్టంలో ఒంటేలు కలిపి కాస్తే నీలంగా ఉండాల్సిన మందు మళ్ళీ ఇటుకరంగుకు తిరిగింది. అంటే ఎనిమిదేళ్ళ ఆదెమ్మ ఒంట్లో చక్కెర దిగలేదన్నమాట. రోజూ ఇన్సులిన్ సూది పడుతూనే ఉంది, అయినా ఇదీ వరస.

"మా అమ్మే చాటుగా బెల్లం పెడుతోంది," అని తండ్రి గంగరాజు తేల్చేశాడు. రత్తమ్మ పెద్దింట్లమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్పింది. కొడుకు వింటేనా! బెజవాడ డాక్టరుగారు కూడా ఆ మాటే అంటే, అటునుంచటే చల్లపల్లిలో కూతురింటికి పంపేస్తానన్నాడు. ముసలమ్మ ముక్కు చీదుకుంటూ మూట కట్టుకుని వాళ్ళతోపాటే బెజవాడ బస్సెక్కింది. నాయనమ్మ పక్కన తప్ప నిద్రపట్టని ఆదెమ్మ మాత్రం నోరు మెదపలేదు. ఈ పిడుగు ఇంత బుద్ధిగా ఉందేమిటా అని తల్లి కొండలమ్మకు ఎక్కడో గుబులు.

సూది ఎక్కడ పొడుస్తున్నారని డాక్టరుగారు అడిగారు. కొండలమ్మ దర్జాగా సంచీలోంచి చేపలవల ముక్క తీసింది. చోటు మార్చి మార్చి పొడవమని ఆయనే చెప్పారు కదా! కిరసనాయిలు దీపం వెలుగులో ఆ వల తొడమీద పరచి, రోజుకో కన్నంలో పొడిచి, పొడిచిన కన్నానికి ఎర్రదారం కడుతుంది. పిల్ల మెసలకుండా కాలూ వలా బిగించి పట్టుకునేది గంగరాజు.

"దారం కట్టిన కన్నంలో మళ్ళీ పొడిస్తే నా చెయ్యి పడిపోవాలండీ," అంది.

భలే ఉపాయమే అని మెచ్చుకుంటూ డాక్టరుగారు తొడ తడిమి, ఆగిపోయారు. ఒక్కచోట నిమ్మకాయంత గడ్డ. గట్టిగా నొక్కినా ఆదెమ్మ కిసుక్కున నవ్విందే గాని అబ్బా అనలేదు.

"పొడిచినచోటే పొడిచారమ్మా. అది మొద్దుబారింది, నొప్పి తెలీదు. మందు మాత్రం అందులోనే ఉండిపోతుంది, ఒంటికి పట్టదు. దీనికీ బెల్లానికీ సంబంధం లేదు."

రత్తమ్మ మూట కింద పెట్టి కొడుకు వైపు ఓ చూపు చూసింది. కొండలమ్మ వల తిప్పి తిప్పి చూసింది. దారం లేని కన్నం లేదు. తొడమీద చూస్తే ఒకటే గడ్డ.

"ఇదెక్కడి చోద్యమండీ! కన్నాలన్నీ మారాయి కదా?"

బస్సు వేళయిందంటూ గంగరాజు చల్లగా లేచి గుమ్మం వైపు నడిచాడు. ఆదెమ్మకు కంగారు పుట్టి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాన్నని చల్లపల్లి పంపకే. నొప్పి లేనిచోటికే వల జరపమని ఏడ్చింది నేనే!"