గ్రీజు డబ్బా డిక్కీలోనే ఉంది

వానలో కారు వెనక సీట్లో కూర్చున్నప్పుడు, ముందున్నవాడి చెయ్యి ఎక్కడుందో మీరు చూడరు. బుకాయించకండి. నేనూ చూడలేదు.

ఆషాఢంలోనే మా అంబాసిడర్ వైపర్లు బిగుసుకుపోయాయి. డ్రైవర్ దేవదాస్ బీడీ విప్పి, నీళ్లు నిలవకుండా ఆ పొగాకు తడిపి అద్దానికి రుద్దేవాడు. వాన పెద్దదైతే కుడిచెయ్యి బయటపెట్టి, గుడ్డతో తుడుస్తూ నడిపేవాడు.

"గ్రీజు డబ్బా తెచ్చి డిక్కీల పెట్టిన సార్. ఒక్క ఐతారం ఇడిసిపెట్టున్రి, రాస్త."

"ఈ ఐతారం సిరిసిల్లల మీటింగున్నది గదా. వచ్చే ఐతారం సూద్దాం తియ్యి."

ప్రతి వారం నా జవాబు ఇదే. ఆ మీటింగులన్నిటిలో యూనియన్ నాయకుడిగా నేను అరిచింది మరమగ్గాల కార్మికులకు వారానికొక సెలవు కావాలనే.

మొన్న వేములవాడ దారిలో ఎదురొచ్చిన లారీ, అద్దం తుడుస్తున్న ఆ చేతిని కొట్టుకుంటూ పోయింది. మోచెయ్యి విరిగింది.

ఈ ఉదయం ఇంటి ముందు బానెట్ ఎత్తి, వైపర్ కీళ్ల తుప్పు గీకి, డిక్కీలోని గ్రీజు దట్టంగా పూస్తున్నాను. కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని దేవదాస్ వచ్చాడు.

"గంతగనం వద్దు సార్. రొట్టెకు నెయ్యి రాసినట్టు జర రాయున్రి."

అరగంటలో వైపర్లు కదిలాయి. అంతే పని.

"రేపటి సంది బండెవరు నడుపుతరు సార్?"

"నేనే" అన్నాను. అన్నాకే తెలిసింది, ఆ గ్రీజు రాసింది ఎవరి చెయ్యి కోసమో. దేవదాస్‌కు ముందే తెలుసు.

నా డిమాండ్లు ఇవి:

అతని చెయ్యి నయమయ్యేదాకా నేను జీతం ఆపకూడదు.

ఇకనుంచి ఐతారం అతనిది.

సెలవు గురించి మాట్లాడటానికి నన్ను పిలవకండి. అతన్ని పిలవండి.