పంక్తిలో ఉప్పునీళ్లు

అంజనప్ప ఎర్రావు పలుపు పట్టుకుని కొట్టానికి అడ్డంగా నిలబడినాడు.

"సగం ఆవులకు మందు, సగానికి ఉప్పునీళ్లా? పంక్తిలో కూర్సోబెట్టి ఒకరికి నెయ్యి, ఇంగొకరికి నీళ్లు పోస్తావా అమ్మా? నా కొట్టంలో జరగదు."

పశువుల డాక్టరు యమున సిరంజి దించింది. పుంగనూరు చుట్టుపక్కల ఇట్లా అడ్డం తిరిగింది ఈయనొక్కడే.

"కొత్త టీకా అప్పా. పని చేస్తాందో లేదో తెలియాలంటే టీకా లేని ఆవులూ ఉండాల. దేనికి ఏది పడుతుందో నాకూ తెలీదు."

"తెలీకుండా వడ్డిస్తే తప్పు కాకుండా పోతాదా?"

యమున నవ్వింది. "ఉప్పునీళ్లు పడిన ఆవుకు నష్టం లేదప్పా. ఈ టీకా ఆపే క్రిమి పేడలో ఉంటుందే గానీ, ఆవును ఏమీ చేయదు."

అంజనప్ప మెత్తబడినాడు. పలుపు వదిలి పక్కకు జరిగినాడు. ఆమె సూది ఎత్తింది.

"ఆవును ఏమీ చేయనిదానికి ఆవుకు సూది యాలమ్మా?"

"మనుషుల కోసం. ఆ పేడ చేతులు నోట్లోకి పోతే రక్తవిరేచనాలు. చిన్నపిల్లలైతే ప్రాణం మీదికే వస్తుంది."

కొట్టం పక్కన మనవరాలు పేడతో ఇడ్లీలు చేసి, ఆకులు పరిచి వడ్డిస్తా ఉంది. అంజనప్ప అటే చూస్తా మళ్లీ పలుపు అందుకున్నాడు.

"నీ టీకాల ఐసుపెట్టె ఎత్తుకోమ్మా. అన్నిటికీ మందు తెచ్చిననాడు రా. పంక్తిలో కూర్సోనుండేది నా ఆవులు కాదు. అదో, ఆ బిడ్డ."