పొగ రాని మందు

"నీకాడ పొగ రాని మందు ఉండాదంట గదప్పా. అది నాకిచ్చెయ్యి."

మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడి, నీళ్లైనా అడక్కుండా ఆ ముసలామె అన్న మొదటి మాట అది.

ఎర్రప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. ఊరి మనిషి కాదు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము, చేతిలో వైరు బుట్ట.

"ఎవురు చెప్పినారు నీకు?"

"అమ్మినోడే చెప్పినాడు."

ఎర్రప్ప ఊపిరి పీల్చుకున్నాడు. అంతవరకు పోలీసులు పంపిన మనిషేమోనని భయపడ్డాడు. తాత నాటి తుపాకీకి లైసెన్సు ఉంది గానీ, ఆ మందుకు ఏ కాగితమూ లేదు మరి.

మూడేళ్లు వాన మొహం చాటేసింది. ఈ ఏడే నాలుగెకరాల వేరుశనగ నిలబడింది. ఊడలు దిగి కాయ పడుతోందనగా గుట్ట మీది అడవి పందులకు కబురు అందింది. ఒక్కపూట ఆదమరిస్తే చాలు, చేను దున్నేసి పోతాయి. ఈ పంట కూడా పోతే ఎర్రప్ప, భార్య తిప్పమ్మ మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కాల్సిందే.

వాటిని బెదరగొట్టడానికి ఉన్నది ఆ తుపాకీ ఒక్కటే. మూతి లోంచి మందు దట్టి పేల్చాలి. మామూలు తుపాకీమందుకు కాస్త చెమ్మ తగిలితే అలిగి కూర్చుంటుంది. పేలినా ఎదురుగా అంతా పొగ. ఆ పొగ తేలేలోపు పందులు చేనుకు ఇంకో పక్కన మేస్తుంటాయి. పైగా పేల్చినప్పుడల్లా గొట్టం కడగాలి.

ఇరవై రోజుల కిందట విష్ణువర్ధన్ అని ఒకడు బైకు మీద వచ్చాడు. రాయదుర్గంలో లేతు మిషను పనివాడు. విదేశాల తుపాకులను ఫోన్లో చూసి చూసి, అలాంటిది ఒకటి సొంతంగా చేసుకున్నాడు. అదీ మూతి లోంచి దట్టేదే. కానీ పొగ లేదు, కడిగే పని లేదు. వెంటవెంటనే రెండుసార్లు పేల్చి చూపించేసరికి ఎర్రప్ప మనసు పారేసుకున్నాడు.

"యా తుపాకీకైనా ఇదే మందన్నా. రవంత తక్కువ పెట్టుకో, సాలు," అన్నాడు వాడు. ఎర్రప్ప ఒక పొట్లం కొని, కాయ గట్టిపడేదాకా దాచుకున్నాడు.

"ఎందుకియ్యాల నీకు?" అన్నాడు ఇప్పుడు ముసలామెతో.

"మీ తుపాకీ పగుల్తుందప్పా. వాని గొట్టం వేరే, ఆ మందు కోసమే మందంగా చేసుకున్న్యాడు. మీ తాతల కాలం గొట్టం ఆ దెబ్బకు ఆగదు. ఊరికే ఇయ్యొద్దులే, బదులు మామూలు తుపాకీమందు తెచ్చినా."

"పగుల్తుందని నీకెట్ల తెలుసు?"

"చూసినా," అంది ఆమె, కోళ్ల వైపు చూస్తూ.

ఎర్రప్పకు నవ్వొచ్చింది. సంగతంతా తెలిసిపోయిందనుకున్నాడు. కాయ కాలం కదా, ఈ మందుకు గిరాకీ లేచి ఉంటుంది. అమ్మినవాడే ఈ ముసలిదాన్ని ముందుకు తోసి, రైతులను భయపెట్టి, ఎక్కువ ధరకు అమ్ముకోవడానికి వెనక్కి లాక్కుంటున్నాడు.

లోపలి నుంచి తిప్పమ్మ వచ్చింది. "ఇచ్చెయ్ రాదా అయ్యా. అంత ఎండలో వచ్చిండాది."

"నీకు తెల్దు, ఊరకుండు."

లోపలికి పోయి, చేనులో చల్లాక మిగిలిన పురుగుమందు గుళికలు పాత కాగితంలో పొట్లం కట్టి తెచ్చి ఇచ్చాడు. అసలు పొట్లం ఉన్నచోటే ఉంది.

ఆమె విప్పి చూడలేదు. రెండు చేతులా అందుకుని బుట్ట అడుగున పెట్టుకుంది. తాను తెచ్చిన తుపాకీమందు సంచి అరుగు మీద పెట్టింది.

"నీదే కడపటిదప్పా. ఇంగ ఎవురికాడా లేదు. సల్లగుండు."

అప్పుడు అడిగింది నీళ్లు. తిప్పమ్మ ఇచ్చిన చెంబు ఎత్తిపట్టి తాగి, రోడ్డు వైపు నడిచింది. ఎర్రప్ప గడపలో నిలబడి తన తెలివికి తానే మురిసిపోయాడు.

మూడో రోజు తెల్లవారుతుండగా పందులు దిగాయి. ఎర్రప్ప కొత్త మందే దట్టాడు. వాడు చెప్పినట్టు తక్కువే పెట్టాడు.

పొగ రాలేదు. గొట్టం నిలువునా చీలింది. ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది.

తిప్పమ్మ అతన్ని అనంతపురం ఆసుపత్రికి చేర్చింది. ఇక చేను కాసే దిక్కు లేదు. రెండు రోజుల్లో నాలుగెకరాలూ పందులపాలయ్యాయి.

వాంగ్మూలం రాసుకోవడానికి స్టేషన్ నుంచి వీరేష్ అనే హెడ్డు కానిస్టేబుల్ వచ్చాడు. మందు ఎక్కడిదో ఎర్రప్ప దాచకుండా చెప్పాడు.

వీరేష్ రాస్తున్నవాడల్లా ఆగాడు. "అదెట్ల? ఆ మందంతా వచ్చేసిండాది గదప్పా. మేము కదిలేలోపలే ఒక ముసలామె ఊరూరూ తిరిగి పొట్లాలన్నీ ఏరుకొచ్చి స్టేషన్లో ఇచ్చిపోయింది. 'ఎవురికీ ఏమీ కానీలేదు సారూ' అనింది. మీ ఊరికి రాలేదా?"

ఎర్రప్ప మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వచ్చినాది సార్," అంది తిప్పమ్మ. "ఈయప్పే గుళికలు కట్టిచ్చి పంపినాడు."

వీరేష్‌కు చీవాట్లు పెట్టాలనిపించింది గానీ, ఆ కట్టు చూసి ఊరుకున్నాడు.

"ఆ అమ్మినోన్ని పట్టుకోరా సార్?" అంది తిప్పమ్మ ఏడుపు ఆపుకుంటూ.

"యాడ పట్టుకునేదమ్మా. కణేకల్ పక్క ఒకరి పాత తుపాకీలో ఇదే మందు దట్టి చూపించబొయ్యి, వాడే పోయినాడు. రెండు దినాలు బతికినాడు. యాయా ఊర్లో ఎవురెవురికి ఇచ్చినాడో పేరుపేరునా చెప్పి కన్ను మూసినాడు."

"ఎవురికి చెప్పినాడు సార్?" అన్నాడు ఎర్రప్ప, అప్పటికి నోరు తెరిచి.

"వాళ్లమ్మకప్పా," అన్నాడు వీరేష్. "కొడుక్కు దినాలు గూడా కాకముందే బుట్ట పట్టుకొని మీ ఇండ్ల ముందరికి వచ్చిందే, ఆమెకే."