అవతలి దిక్కు

"గిట్ల రెండు వేళ్లతోని నిమిరితె వంకర మెడ సక్కగైతదా?" బల్ల మీది బిడ్డ మెడను మందు లేకుండా చేతులతోనే సరిచేస్తున్న ఆస్టియోపతి డాక్టరమ్మ మీద కిషన్ గయ్యిమన్నాడు. గనిలో నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కనురెప్పలకు బొగ్గు నలుపు ఇంకా వదల్లేదు.

"పట్టి లాగితే పాడవుతుంది. ఒకే పక్కకు చూసి చూసి కండరం బిగుసుకుంది," అందామె. "పాప ఎప్పుడూ కుడి పక్కకే ఎందుకు చూస్తుంది?"

కిషన్ భార్య వైపు వేలు చూపాడు. "దీన్ని అడుగుండ్రి! మూడు నెలలాయె, బిడ్డను ఎత్తుకునుడే రాదు దీనికి."

స్వరూప భర్త మీద గొంతెత్తడం అదే మొదలు.

"నాకు రాదా? ఇల్లంత కలిపి ఉన్నది ఒక్కటే అర్ర. రాత్రంత డ్యూటీ జేసి పొద్దంత పంటవు. బిడ్డ కుయ్యిమంటె లేసి ఒర్రుతవు. అందుకే నీ మంచం దిక్కు ఊయలకు చీర అడ్డం కట్టిన. పాలిచ్చినా, ఆడిచ్చినా ఇవతలి దిక్కే. అవతలి దిక్కుకెళ్లి దాన్ని ఒక్కనాడు పిలిచినోడు లేడు. మెడ ఎట్ల తిరుగుతది?"

కిషన్ పళ్లు పటపట కొరికాడు.

"నేను చేసేది సగమే," అంది డాక్టరమ్మ. "ఆ ఎడమ పక్క నిలబడి రోజూ పిలవాలి. ఇప్పుడే పిలవండి, చూద్దాం."

కిషన్ విసురుగా బల్ల చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వెళ్లాడు. బిడ్డ మీదికి వంగాడు. నోరు తెరిచాడు, ఆగిపోయాడు.

"ఏమే," అన్నాడు భార్య వైపు చూడకుండా, "బిడ్డను ఏమని పిలుస్తవు?"