ఆండాళ్ళు ఎంచిన లివరు

"ఏది తేలిగ్గా ఊడుతుందో అది కావాలండీ" అంది ఆండాళ్ళు, భర్త సైకిల్‌కి షాపు ముందు స్టాండు వేస్తూ.

ఎవరైనా గట్టిగా ఉండేదే అడుగుతారు. షాపతను అబ్రహాం మాత్రం ఆశ్చర్యపోలేదు. ఏలూరులో అన్ని రకాల బేరాలూ చూసినవాడు కాబోలనుకుంది.

"ముందుచక్రం చేత్తో తీసే లివర్లు రెండు రకాలండీ. ఈ మొదటిదాని తిరిగే ముక్క బయటికే ఉంటుంది. కొల్లేరు గట్టు దుమ్ము పట్టిందంటే బిగుసుకుపోద్ది. ఈ రెండోదానిది ఉక్కు గూట్లో దాగుంటుంది. మెత్తగా తిరుగుద్ది, పట్టూ ఎక్కువే."

ఆండాళ్ళు మొదటిది లాగి చూసింది. కీళ్లవాతంతో వాచిన వేళ్లు మొరాయించాయి.

"చక్రం తియ్యాల్సింది మీరేనాండీ?"

ఇక ఆమె దాచుకోలేకపోయింది. భర్త దత్తాత్రేయులు కాలేజీ లెక్చరరు. తెల్లారేసరికి కొల్లేరు గట్టున గూడబాతుల్ని చూడకపోతే ఆయనకి కాఫీ కూడా సయించదు. పోయిన నెల దారిలోనే కళ్లు తిరిగి పడ్డారు. తను చెప్పేదాకా సైకిల్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. వింటేనా? తాళం వేస్తే చెవి వెతికి తీశారు. చక్రమే ఊడదీసి బియ్యం బస్తాల వెనక దాచేద్దామని రాత్రి కూచుంటే, పాత లివరు కదిలి చావలేదు. పొద్దున్నే ఆయన దర్జాగా వెళ్లిపోయారు. తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణం బిక్కుబిక్కుమంటూనే ఉంది.

"ఈ సంగతి వారి చెవిన పడకూడదండీ. తెలిస్తే ఇంకో ఎత్తు వేస్తారు."

"నేను చెప్పనండీ" అని అబ్రహాం తల వంచుకున్నాడు.

రెండో లివరు ఒక్క లాగుకే తెరుచుకుంది. ఆండాళ్ళు మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది. ఈసారి ఆయన్ని ఇంట్లో కూచోబెట్టగలనన్న ధైర్యం వచ్చింది.

"ఇదే బిగించండి."

అబ్రహాం దాన్ని పక్కన పెట్టేసి, సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో అదే రకం, కాస్త పొడవాటి పిడిది.

"నేను ఎంచింది అది కాదండీ."

అబ్రహాం ఆ పొడవాటి పిడిని ఆమె చేతికందించాడు.

"రాత్రి మీరు పాత లివరుతో పడ్డ తిప్పలు చూశారంట. మీ వేళ్లకి ఇది సులువని పొద్దున మాస్టారే తీసిపెట్టమన్నారండీ."