నాలుగింటి లెక్క

“ఇక్కడో సిగ్నలు పెట్టించండమ్మా, పుణ్యముంటుంది.”

అమలాపురంలో బడి మలుపు దగ్గర, బంగారమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు. పేరు అమ్మిరాజు.

ఊరికి మంజూరైంది ఒకే ఒక్క ట్రాఫిక్ సిగ్నలు. అదెక్కడ పెట్టాలో తేల్చడానికే శ్రీనిధి కాకినాడ నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. పొద్దుట్నుంచి అడిగినవాళ్ళలో ఈయన ఎనిమిదో ఆయన. ఏడో ఆయనకు సొంతింటి గుమ్మం ముందే కావాలట!

“కంప్యూటర్ ఏమంటే అదేనండి.”

“అదేమంటందమ్మా?”

అడిగిన తీరుకు ముచ్చటేసి చెప్పింది. వంతెన దిగిన బళ్ళు మాయమైపోవు, ఈ ఇరుకు మలుపులోంచే పోవాలి. ఆ సూత్రం ప్రకారం బడి వదిలే నాలుగింటికి ఇక్కడ ఇరుక్కుపోవాలి. కానీ ఆటోవాళ్ళ ఫోన్లు పంపిన వేగాలు చూస్తే, ఆర్నెల్లలో ఒక్కరోజూ ఇరుక్కోలేదు.

“సూత్రం ఒకటంటే రోడ్డు ఇంకోటంటోంది. నేను రోడ్డునే నమ్మేనండి. నాలుగింటికి అన్నిటికంటే సాఫీగా ఉండేది మీ మలుపే.”

“ఊరు మొత్తమ్మీదా?”

“ఊరు మొత్తమ్మీదే.”

ఆయన మొహం వెలిగిపోయింది.

“ఆయ్! అయితే బాగానే నడుస్తందన్నమాట. బంగారమ్మా, అమ్మాయిగారికి టీ ఇయ్యి. అల్లం దంచి పెట్టు.”

సిగ్నలు మాట మళ్ళీ ఎత్తలేదు. వింత మనిషే అనుకుంది శ్రీనిధి. ఆ మనిషి మాత్రం నచ్చాడు. నాలుగింటిదాకా ఆగే పనేముందని మధ్యాహ్నం బస్సెక్కేసింది. సిగ్నలు బస్టాండు సెంటరుకు రాసి పంపింది.

రెండు నెలల తర్వాత ఆ సిగ్నలు వెలిగిన నాడు మళ్ళీ వచ్చింది. నాలుగు దాటింది. బడి మలుపులో ఆమె ఎక్కిన ఆటో కదల్లేదు. కొబ్బరి లారీలు, బస్సులు, వాటి మధ్య సైకిళ్ళ మీద పిల్లలు. హారన్ల మోతకు ఓ చిన్నపిల్ల చెవులు మూసుకుని ఏడుస్తోంది.

సూత్రం చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది.

శ్రీనిధి ఆటో దిగి టీ కొట్టుకు పరుగెత్తింది.

“ఏమైందండీ? ఇక్కడెప్పుడూ ఇలా లేదు కదా!”

బంగారమ్మ కళ్ళొత్తుకుంది.

“అమ్మిరాజుగారు పోయేరు కదండీ, పది రోజులైంది. బడి వదిలే యేళకి రోజూ నడిరోడ్డు మీద నిలబడి, లారీల్ని ఆపి, పిల్లల్ని దాటించి, బళ్ళని ఒక్కోటే వదిలింది ఆయనే కదండీ.”